మార్చి తుడుచుటా? మార్చుచు తుడుచుటా?



బడిలో తెలుగు చెప్పి విరమించిన పండితుడికి పెర్ల్ గురించి ఏమి తెలుసునని అడుగుతారేమో. తెలిసింది కొంచెమే. ఆ కొంచెమూ కష్టార్జితం.

మా ప్రాంతపు మాండలిక పదాలను ఏళ్ళ తరబడి సేకరించి, పాత ఫాంటులలో టైపు చేసి దాచుకొన్నాను. వాటిని యూనికోడులోకి మార్చడానికి నా పూర్వవిద్యార్థి ఒకడు పెర్ల్ స్క్రిప్టు వ్రాసి యిచ్చాడు. అది సిస్టమ్ ద్వారా మార్పిడి ఆదేశాన్ని నడుపుతుంది. సున్న తిరిగి వస్తే పని అయిందనుకొని పాత ఫైలును అన్‌లింక్‌తో తుడిచివేస్తుంది. ఇంతవరకూ బాగానే ఉంది. "త్వరగా అవుతుంది మాస్టారూ" అంటూ ఆదేశం చివర ఒక ఆంపర్‌సాండ్ గుర్తు తగిలించాడు. ఆ గుర్తే కొంప ముంచింది.

ఆ గుర్తు ఉంటే పెర్ల్ ఆదేశాన్ని షెల్లుకు అప్పగిస్తుంది. షెల్లు పనిని నేపథ్యంలో మొదలుపెట్టి, అది ముగిసేదాకా ఆగక, సున్న చెప్పి తప్పుకొంటుంది. ఆ సున్నకు "మొదలుపెట్టాను" అనే అర్థం. "ముగించాను" అని కాదు. మార్పిడి ప్రోగ్రాము ఫైలును తెరిచేలోపే అన్‌లింక్ దాని పేరు చెరిపివేసింది. కొన్ని బతికాయి. ఎందుకంటే యునిక్స్ వంశపు వ్యవస్థలలో అన్‌లింక్ చెరిపేది పేరునే. అప్పటికే తెరిచివున్న ఫైలులోని సమాచారం, దానిని మూసేదాకా నిలిచి ఉంటుంది. అంటే ఏది బతకాలో, ఏది పోవాలో నిర్ణయించింది ఆ క్షణపు అదృష్టం!

"మార్చి తుడుచు" అన్నప్పుడు "మార్చి" క్త్వార్థకం. మొదటి పని ముగిసిన పిమ్మటనే రెండవది. "మార్చుచు తుడుచు" అన్నప్పుడు శత్రర్థకం, రెండూ ఏకకాలంలో. వీటిని తారుమారు చేసిన పిల్లవాడికి నేను మార్కు తగ్గించేవాణ్ణి. 1987లో పెర్ల్‌ను లోకానికిచ్చిన లారీ వాల్ భాషాశాస్త్రం చదువుకొన్నవాడు. ఈ భేదం చెప్పడానికి కావలసిన సామగ్రి అంతా ఆ భాషలో ఉంది. వాడుకోనిది మనమే.

"వేలకొద్దీ ఫైళ్ళుంటే వేగం వద్దా?" అంటారు. కావాలి. ఫోర్క్‌తో నాలుగు పిల్ల ప్రక్రియలను పుట్టించండి; కాదన్నదెవరు? ప్రతిదాని కోసం వెయిట్‌పిడ్‌తో వేచి, డాలరు ప్రక్కన ప్రశ్నార్థకమున్న చలరాశిలో సున్న ఉన్నదో లేదో చూసి, కొత్త ఫైలు ఖాళీగా లేదని నిర్ధారించుకొని, అప్పుడు తుడవండి. పిల్లలను పుట్టించి వాటి గతి కనుక్కోకపోతే, పని ముగిసినా జాంబీలై పట్టికలో వేలాడుతుంటాయి.

ఇంకొందరు తుడిచివేతకే షెల్లును పిలిచి, ఫైలు పేరును కొటేషన్లు లేకుండా ఆర్‌ఎమ్ ఆదేశానికి తగిలిస్తారు, అదీ నేపథ్యంలో. ఆ పేరులో ఖాళీ ఉంటే షెల్లు దాన్ని రెండు పేర్లుగా చదువుతుంది. పదచ్ఛేదం తప్పితే అర్థం చెడదా? అన్‌లింక్ ఎన్ని ఫైళ్ళు తుడిచిందో లెక్క చెబుతుంది. తుడవలేకపోతే కారణాన్ని డాలరు ఆశ్చర్యార్థకంలో ఉంచుతుంది. అడిగే నాథుడేడీ?

"ముందే ఇంకో ప్రతి తీసి పెట్టుకోవలసింది" అనేవారికి నా సమాధానం: నిజమే, ఆ తప్పు నాదే. అయితే నా అజాగ్రత్త వలన ఆ తొందరపాటు ఒప్పయిపోదు. పోయినవాటిని తిరిగి టైపు చేసేందుకు నాకు ఓపిక ఉంది. కానీ ఆ పదాలు చెప్పిన ముసలివాళ్ళలో చాలామంది ఇప్పుడు లేరు. మళ్ళీ ఎవరినడగను?

కనుక మీ స్క్రిప్టులను ఒక్కసారి తెరిచి చూడండి. అన్‌లింక్‌కు పై వరుసలో ఆ గుర్తు కనబడితే, నా మాట మీద తీసివేయండి. మార్చి, చూచి, ఆ తరువాతనే తుడవండి.