మానిపించారు కాదు, మానేస్తున్నాను

ఆడపిల్లల చదువు గురించి మాట్లాడేటప్పుడు మనం వాడే క్రియలు చూడండి. ‘చదువు ఆగిపోయింది’, ‘చదువు మానిపించారు’, ‘పెళ్ళి కుదిరింది, ఇక చదవలేదు’. ఆగిపోవడానికి కర్త ఉండడు. మానిపించడానికి కర్త తండ్రో, అన్నో, మొగుడో. ‘నేనే మానేస్తున్నాను’ అని ఒక ఆడపిల్ల చెబితే మాత్రం ఇంట్లోనూ, కాలేజీలోనూ, ఆఖరికి స్త్రీవాద మిత్రుల దగ్గరా ఒకటే నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంతోనే నా పేచీ.

మాది గుణదల. విజయవాడలోనే ఒక ప్రైవేటు కాలేజీలో ఎం.ఏ. ఇంగ్లీషు మొదటి సంవత్సరం పూర్తిచేశాను. రెండో ఏడాది ఫీజు కట్టాలా వద్దా అన్నది ఇప్పుడు మా ఇంట్లో నడుస్తున్న చర్చ. ఈ ఏడాదిలో నాకు దొరికిందేమిటి? సిలబస్‌లో ఉన్న నవలల్లో ఒక్కదాన్నీ తరగతిలో పూర్తిగా చదవలేదు. గైడులోంచి చెప్పి రాయించిన నోట్సు, ఆ నోట్సునే తిరిగి అప్పజెబితే మార్కులు. స్త్రీవాద విమర్శ ఒక యూనిట్. అందులో వర్జీనియా వూల్ఫ్ పుట్టిన సంవత్సరం, అయిదు పాయింట్లు. అదనంగా ఒక ప్రశ్న వేస్తే ‘అది పరీక్షలో రాదమ్మా’ అన్న జవాబు. పాఠం చెప్పేవాళ్ళని నేను నిందించను. పీరియడుకి ఇంత అని తీసుకుంటూ మూడేసి పేపర్లు ఒక్కరే మోస్తున్న గెస్ట్ లెక్చరర్లు వాళ్ళు, ఎక్కువమంది ఆడవాళ్ళే. వాళ్ళ అలసటా నా నిరాశా ఒకేచోట పుట్టాయి.

అందరూ ఇచ్చే సలహా ఒకటే. ‘ఎలాగూ చేరావు, ఇంకొక్క ఏడాది ఓర్చుకో, పట్టా చేతికొస్తుంది.’ ఈ ఓర్చుకోవడం మనకి కొత్తదా? కాపురాల గురించి మన అమ్మలకీ అమ్మమ్మలకీ చెప్పిన మాటే కదా! ఏటా ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో మా ఊరి కొండమీద మేరీమాత తిరునాళ్ళు జరుగుతాయి. తలనీలాలు ఇస్తారు, కొబ్బరికాయలు కొడతారు. మొక్కుకున్నాక తీర్చుకోవాల్సిందే, నిజమే. కానీ ఎం.ఏ. మొక్కు కాదు. నచ్చని పెళ్ళిలోంచి బయటికి రావడం హక్కు అని వాదించిన మనం, నచ్చని చదువు దగ్గరికొచ్చేసరికి ఓర్పు ఎందుకు బోధిస్తున్నాం?

ఇదే బెజవాడలో ఇంటర్ పూర్తిచేసిన పిల్లవాడు ర్యాంకు కోసం ఇంకో ఏడాది కోచింగ్‌లో కూర్చుంటే దానికి ‘లాంగ్‌టర్మ్’ అని గౌరవమైన పేరుంది. అప్పు చేసైనా హాస్టల్లో పెడతారు. ఆ ఏడాది పెట్టుబడి. ఆడపిల్ల పీజీ మారాలనుకుంటే మాత్రం అది పోయిన ఏడాది, పెరిగిన వయసు.

చట్టం కూడా మా నిరాశకి గడువు పెట్టింది. యూజీసీ 2018 అక్టోబరులో ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం ప్రవేశాలకి ప్రకటించిన ఆఖరి తేదీ దాటి 30 రోజులయ్యాక సీటు వదులుకుంటే ఫీజు ఒక్క రూపాయి కూడా తిరిగిరాదు. ఒక కోర్సు డొల్ల అని తెలియడానికి కనీసం ఒక సెమిస్టరు పడుతుంది. అసలు సర్టిఫికెట్లు కాలేజీ తన దగ్గర ఉంచుకోకూడదని అదే ఉత్తర్వు చెప్పింది. అయినా అడగడానికి వెళ్తే ముందు రెండో ఏడాది ఫీజు సంగతి ఎత్తారు. 2020 డిసెంబరు 25 నాటి జీవో 77 ప్రైవేటు కాలేజీల పీజీ విద్యార్థులకి ఫీజు రీయింబర్స్‌మెంటు తీసేసింది. ఆ భారం ఇళ్ళమీద పడింది. నా ఫీజు మా అమ్మ చీటీ పాడి కట్టింది. ఆ చీటీ నా పెళ్ళి కోసం వేసినది. కాబట్టి మా ఇంట్లో చదువు ఖర్చూ, పెళ్ళి ఖర్చూ ఒకే పద్దు. ఒకటి ఆగితే రెండోది మొదలవుతుంది.

అసలు చిక్కు ఇక్కడుంది. పెళ్ళి సంబంధాలు వచ్చినప్పుడల్లా ‘అమ్మాయి పీజీ చదువుతోంది’ అన్న ఒక్క మాటే అడ్డుగా నిలుస్తోంది. నాతో చదివేవాళ్ళలో సగం మందికి ఎం.ఏ. అంటే ఇంకో రెండేళ్ళ గడువు. వాళ్ళని నేను చులకన చెయ్యను. పనికిరాని తరగతిలో కూర్చుని పెళ్ళిని వాయిదా వెయ్యడం కూడా పోరాటమే. కానీ చదువు ఆడపిల్లకి వెయిటింగ్ రూమ్‌గానే మిగిలిపోతే, ఆ గదిలో ఏం చెబుతున్నారో ఎవరికీ పట్టదు. కాలేజీల ధైర్యం అదే.

పట్టా లేకపోతే లెక్చరర్ ఉద్యోగం రాదంటారు. కాదనను. నెట్ రాయాలంటే నాలాంటి మూడేళ్ళ డిగ్రీవాళ్ళకి పీజీ తప్పదు, అందులో మామూలుగా 55 శాతం, రిజర్వేషన్ ఉన్నవాళ్ళకి 50 శాతం మార్కులు కావాలి. అందుకే నేను పీజీ వద్దనడం లేదు, ఈ పీజీ వద్దంటున్నాను. వీరేశలింగం 1874లో ధవళేశ్వరంలో బాలికల పాఠశాల పెట్టిన దగ్గర్నుంచి జరిగిన పోరాటాన్ని అవమానిస్తున్నానని కూడా ఒకరన్నారు. ఆ పోరాటం చదువు కోసం, హాజరుపట్టీలో పేరు కోసం కాదు.

నా నిర్ణయం ఇది. రెండో ఏడాది ఫీజు కట్టడం లేదు. మళ్ళీ పీజీసెట్ రాసి యూనివర్సిటీ క్యాంపస్‌లో సీటు కోసం ప్రయత్నిస్తాను. అందాకా పిల్లలకి ట్యూషన్లు చెబుతాను. పెళ్ళి మాట ఈ లెక్కలోకి రాదని అమ్మకి చెప్పాను. అమ్మ ఇంకా ఒప్పుకోలేదు. సీటు వస్తుందన్న హామీ కూడా లేదు.

ఈ పత్రిక చదివేవాళ్ళలో చాలామంది అధ్యాపకులు. మేడమ్, మీ తరగతిలోంచి ఒక అమ్మాయి వెళ్ళిపోతానంటే ముందు ‘తొందరపడకు’ అనకండి. ఎందుకని అడగండి, విన్నది కాగితం మీద పెట్టి మీ బోర్డ్ ఆఫ్ స్టడీస్ ముందు చదవండి. సర్టిఫికెట్లు ఇప్పించడానికి ఆమెతో పాటు ఆఫీసు దాకా నడవండి. ఇంట్లోవాళ్ళు ఫోన్ చేస్తే ‘చదువు మానలేదు, కాలేజీ మానింది’ అని చెప్పండి. ఆ ఒక్క మాట మా నోటినుంచి వస్తే మొండితనం, మీ నోటినుంచి వస్తే వింటారు.