మితమే ఆరోగ్యమునకు మూలము

సిద్దిపేట కోమటిచెరువు కట్టపై ప్రాతఃకాలమున నడచువారిని చూచి మేము సంతసించుచున్నాము. కాని ప్రకటనలను నమ్మి వెలహెచ్చు పొడులను గొనువారును, తోచిన రీతిని పస్తులుండువారును మన పట్టణములయందు తక్కువగా లేరు. ఆరోగ్యము అంగడిసరకు కాదు.

1918లో కూనూరున పుట్టి, పిదప హైదరాబాదునకు తరలివచ్చిన జాతీయ పోషకాహార సంస్థ 2024లో 17 సూత్రములను ప్రకటించినది. అందలి సారమేమి? ధాన్యముతోబాటు పప్పులు, ఆకుకూరలు, కూరగాయలు, పండ్లు తినవలెను. ఉప్పు మితముగా వాడవలెను. కండలకై పొడులు వలదు. వారమునకు కనీసము 150 నిమిషములు చురుకుగా నడువుడని ప్రపంచ ఆరోగ్య సంస్థ పలుకుచున్నది. జొన్నరొట్టె, పప్పు, తోటకూర మనమెరుగనివా? నడకకు వెల యేమి?

వెల కలదు, అది తీరిక. దినమంతయు వంగి కూర్చుండి బీడీలు చుట్టి, పిమ్మట వంటకు పూనుకొను తల్లికి నడకను ఉపదేశించుట సులభము. అరగంట తీరిక కల్పించుటయే దుర్లభము. కట్టపై నడచు పురుషుడు ఇంటిపనిలో పాలుగొననిచో అతని ఆరోగ్యము ఆమె శ్రమపై నిలిచినదే యగును. సమత్వము కంచమునందే కాదు, ఇంటియందును ఉండవలెను. చదువరులారా! నేటి సాయంకాలము పొయ్యి మీరందుకొనుడు. ఆమెను చెరువుకట్టకు పోనిండు.