కొండదారిని ఒక రాత్రి



క్రిందటి మాసమున చదువరి యొకరు ఈ శీర్షికకు జాబు వ్రాసిరి. వారి కుమార్తె యొక ధర్మసంస్థకు ధనము కూర్చుటకై ముగ్గురు స్నేహితురాండ్రతో గూడి రాత్రియెల్ల కొండదారిని నడచెదనని పట్టుబట్టినదట. "దానము చేయవలెనన్న ఇంట గూర్చుండియే చేయవచ్చును గదా, ఈ నడక యెందులకు? ఆడపిల్లను పంపవచ్చునా?" అని వారి ప్రశ్న.

నాకీ ప్రశ్న క్రొత్తది కాదు. కొన్ని యేండ్ల క్రిందట మా అక్కగారి కుమార్తె హాంగ్‌కాంగునుండి ఇట్టి సంకల్పమునే తెలిపినప్పుడు నేనును ఇంచుమించుగా ఈ మాటలనే యంటిని. ఆ నవంబరు మాసమున నేను వారి యింటనే యుండుట తటస్థించినది. కావున కన్నది కన్నట్లు వ్రాసెదను.

హాంగ్‌కాంగనగానే మనకు ఆకాశమునంటు మేడలు తలపునకు వచ్చును. ఆ మేడల వెనుక నెల్ల కొండలే. తూర్పున సాయ్‌కుంగ్ సముద్రతీరము మొదలుకొని పడమట ట్వెన్ మున్ వరకు ఆ కొండలమీదుగా 100 కిలోమీటర్ల కాలిదారి యొకటి కలదు. 1979లో తెరువబడిన ఆ దారికి అప్పటి గవర్నరు పేరిట మెక్లీహోస్ దారియని పేరు. 1981లో అచ్చటి గూర్ఖా సైనికులు తమ సాధనకొఱకు ఈ దారిని నడచుట యారంభించిరి. నడకతోపాటు ధర్మమునకై చందాలును పోగుచేసిరి. 1986 మొదలు పౌరులను గూడ చేర్చుకొనిరి. బీదరికమును తొలగింపబూనిన ఆక్స్‌ఫామ్ సంస్థవారు అందు పాల్గొనిరి. నలుగురొక జట్టు; గడువు 48 గంటలు. నిద్రించువారు నిద్రింపవచ్చును గాని, గడియారము మాత్రము నిద్రింపదు.

అలిపిరి మెట్లెక్కినవారికి కొండ యెక్కుట యెట్టిదో నేను చెప్పనక్కఱలేదు. ఆ 3,550 మెట్లును ముగిసిన పిదప స్వామి దర్శనము, ప్రసాదము, ఒక మూల నడుము వాల్చుట యుండును. ఈ దారిలో నట్లు కాదు. ఒక కొండ దిగినచో మరియొక కొండ యెదురుగ నిలుచును.

అయినను మా పిల్లకు నడకకంటె అడుగుటయే కష్టమైనది. మన యిండ్లలో ఆడువారికి పెట్టు చేయియే కాని చాచు చేయి లేదు. పేరంటమునకు పిలుచుట వచ్చును; చందా యిండని యడుగుట రాదు. బంధువులకు వ్రాసిన మొదటి జాబును ఆమె మూడుమారులు చింపివైచినదట. గుంటూరులోని మామగారు బ్యాంకులో లెక్కలు చూచి విశ్రాంతి పొందినవారు. వారు స్పష్టముగా వ్రాసిరి: "కిలోమీటరుకు నూఱు రూపాయలు. నడచినదానికే యిత్తును. నడవనిదానికి దమ్మిడీ యీయను."

నాలుగు మాసములు సాధన చేసినది. ఇరువదవ అంతస్తులోని యిల్లు. లిఫ్టు మాని మెట్లవెంటనే దిగి మెట్లవెంటనే యెక్కినది. సెలవుదినములందు దారిలో నొక్కొక్క భాగమును నడచినది. ఒకమారు తలకు దీపము కట్టుకొని రాత్రివేళ నడచినది. మీలో నెవరికైన నిట్టి కోరిక కలదేని ఒక మాట చెప్పెదను. జోళ్లు కొలతకంటె బొటనవ్రేలి వెడల్పంత పొడుగుండవలెను. దిగునప్పుడు వ్రేళ్లు ముందునకు జారును. కొత్త జోళ్లతో బయలుదేరుట పెండ్లినాడు వంట నేర్చుకొనుట వంటిది. మేజోళ్లు తడిసిన వెంటనే మార్చవలెను, లేకున్న బొబ్బలు తప్పవు. ఎక్కుట ఊపిరిని పరీక్షించును. దిగుట మోకాళ్లను పరీక్షించును. ఆ రెండవదానిని గూర్చి మాకెవ్వరును గట్టిగా చెప్పలేదు.

జట్టులో మా పిల్లతోడి ఉద్యోగినులు చీనా యువతు లిద్దఱు, ఒక నేపాళీ యువతి. ఆమె తండ్రి గూర్ఖా పటాలమున పనిచేసినవాడు. శుక్రవారముదయము తొమ్మిది గంటలకు బయలుదేరిరి. దారిలో నచ్చటచ్చట కలిసికొని అన్నపానము లందించుట మావంటి తోడువారి పని. మా పిల్ల భర్తయు నేనును షింగ్ మున్ జలాశయము కడ కాచుకొంటిమి. టిఫిను క్యారియరులో పులిహోర, పెరుగన్నము. ఫ్లాస్కులలో వేడినీరు, అల్లపు టీ. ఆ ప్రాంతమున కోతులు మెండు. రాత్రివేళ అవి నిద్రించుటచేత నా పులిహోర దక్కినది.

ఆ జలాశయమునకు పైనున్న కొండలో 1930వ దశకమున ఆంగ్లేయులు త్రవ్విన భూగర్భదుర్గము కలదు. సొరంగములకు లండను వీథుల పేళ్లు పెట్టి ద్వారములమీద చెక్కిరి. 1941 డిశంబరులో ఒక రాత్రి జపానీయులు దానిని ముట్టడించి స్కాట్లండు సైనికుల చేతినుండి లాగికొనిరి. ఆ కొండల వరుసనే మన పంజాబు, రాజపుత్ర పటాలములవారును కాపలా యుండిరి. ఎవరి కన్నతల్లులు ఏ వార్తకై యెన్నినాళ్లు ఎదురుచూచిరో! ఆ చీకటిలో కూర్చుండి ఎదురుచూచుట నాకును తప్పలేదు గాని, నా యెదురుచూపునకు తెల్లవారులోగా ముగింపు గలదు.

నాలుగున్నరకు కొండమీదనుండి దీపములు వరుసగా దిగివచ్చినవి. కార్తికమాసమున ఏటిలో వదలిన దీపములవలె నుండెను. అందొకటి కుంటుచున్నట్లు దూరమునుండియే తెలిసినది.

మా పిల్ల కుడి మోకాలు వాచియున్నది. అంతవరకు 62 కిలోమీటర్లయినవి; మిగిలినవి 38. ఎదుట సూదికొండ, దానివెనుక గడ్డికొండ, ఆపైన ఆ దేశమున కెల్ల ఉన్నతమైన 957 మీటర్ల తాయ్ మో షాన్ శిఖరపు భుజము. "ఇక చాలును, రామ్మా" అని నా నోటివరకు వచ్చినది. ఆ మాట నేననిన, పిన్ని ఆపినదని ఆమెకు జీవితాంతము మిగిలిపోవును. మాటాడక వేడినీటితో గుడ్డ తడిపి యిచ్చితిని. నేపాళీ యువతి మోకాటిని నొక్కి చూచి యిట్లన్నది: "ఇప్పుడాగినచో కొన్ని దినములకు నయమగును. పైకి వచ్చి ఆగినచో ముగ్గురము నిన్ను మోయవలయును."

మా పిల్ల కొంతసేపు చీకటిలోనికి చూచినది. "నేనాగుదును. మీరు సాగుడు" అన్నది. ముగ్గురును నిలుచుండియే నాలుగు ముద్దలు తిని వెడలిరి. వారి దీపములు మలుపు తిరిగిన పిదప ఏడ్చినది. మోకాటికై కాదు. "మామయ్యగారికి ఏమని వ్రాయను, పిన్నీ?"

జాబు వ్రాసిన సోదరీ! మీ కుమార్తె నడవగలదా యని మీ భయము. ఆగవలసినచోట ఆగగలదా యని మీరామెను అడుగుడు. దానికి సరియైన జవాబు వచ్చినచో నిశ్చింతగా పంపుడు. నడక యెందుల కంటిరి. ఆ నడక లేకున్న మా పిల్ల యొకరిని నోరు తెరచి అడిగియుండెడిది కాదు. అడుగకున్న ఆ యిచ్చినవారెవ్వరును ఇంట గూర్చుండి ఇచ్చియుండెడివారు కారు, నాతో సహా.

తక్కిన ముగ్గురు శనివారము సాయంకాలము ఏడు గంటలకు గమ్యము చేరిరి. చేతికఱ్ఱ పట్టుకొని మా పిల్ల అచ్చట నిలుచున్నది. మరునాడు కూర్చుండి, చందా యిచ్చిన ప్రతివారికిని 62 దగ్గఱ ఆగితినని దాచక వ్రాసినది. ఈమారు ఒక్క జాబైనను చింపలేదు.

మామగారు మాట తప్పనివారు. సరిగా 6,200 రూపాయలు పంపిరి.

వారము దినముల పిదప వియ్యపురాలుగారు గుంటూరులోనే యున్న మా అక్కగారి యింటికి వచ్చి, కొంగున ముడివేసిన నోట్లు తీసి చేతిలో పెట్టినదట. పోపులపెట్టెలో దాచినవి కాబోలు, ఇంగువ వాసన కొట్టుచుండెనని అక్క వ్రాసినది. లెక్కించగా 3,800. "మిగిలిన ముప్పదియెనిమిదికి ఇవి, వదినగారూ. ఆయనతో అనకుడు."

ఆయన ఈ పత్రికను చదువరని నా ధైర్యము.