కేంబ్రిడ్జి ప్రొఫెసరు, పల్లెటూరి చర్చి

1979లో భౌతికశాస్త్ర నోబెల్ ముగ్గురు పంచుకున్నారు. వాళ్లలో అబ్దుస్ సలాం నిష్ఠగల ముస్లిం, స్టీవెన్ వైన్‌బర్గ్ పచ్చి నాస్తికుడు. ఎవరికి వారుగా చేరుకున్న సిద్ధాంతం మాత్రం ఒక్కటే. అదే ఏడు, సలాం దగ్గర పీహెచ్‌డీ చేసిన జాన్ పోల్కింగ్‌హార్న్ కేంబ్రిడ్జిలో ప్రొఫెసర్ ఉద్యోగం వదిలేసి పాస్టరు చదువుకు వెళ్లిపోయారు.

ఈ సంగతి చెప్తే చాలు, వినేవాళ్లు రెండు జట్లవుతారు. అంతటి సైంటిస్టే దేవుణ్ణి ఒప్పుకున్నాడని ఒక జట్టు సంబరపడుతుంది. చాదస్తం ముదిరిందని రెండో జట్టు పెదవి విరుస్తుంది. రెండు జట్లకీ అసలు కథ పట్టదు. ఆయన కొత్తగా దేవుణ్ణి కనుక్కోలేదు, చిన్నప్పటినుంచీ విశ్వాసే. భార్య రూత్ పరిచయమైందే కేంబ్రిడ్జి విద్యార్థుల క్రైస్తవ సంఘంలో. పోనీ ఫిజిక్సు మీద విరక్తి కలిగిందా అంటే అదీ లేదు. కణాలు ఢీకొంటే ఏమవుతుందో లెక్కగట్టే ఎస్-మాట్రిక్స్ గణితంలో ఆయనది అందెవేసిన చెయ్యి. 1974లో రాయల్ సొసైటీ ఫెలో అయ్యారు. పాతికేళ్లు చేశాను, ఈ రంగంలో వయసు మళ్లాక కొత్తగా తట్టేది తక్కువ, ఇక చాలు అనుకున్నారంతే.

నాకు నచ్చింది ఆ తర్వాతి భాగం. యాభైకి దగ్గరపడిన ప్రొఫెసరు వెస్ట్‌కాట్ హౌస్ అనే వేదాంత కళాశాలలో మళ్లీ విద్యార్థిగా చేరారు. 1982లో ఆంగ్లికన్ గురువుగా అభిషేకం పొందారు. బ్రిస్టల్‌లో కార్మికులు ఎక్కువగా ఉండే బెడ్‌మిన్‌స్టర్‌లో ఇంకొకరి కింద సహాయ పాస్టరుగా పనిచేశారు. 1984లో కెంట్ ప్రాంతంలోని బ్లీన్ అనే పల్లెకు వెళ్లారు. మన సీఎస్ఐ చర్చిల్లో అయ్యగారు చేసే పనులే అక్కడా: ఆదివారం ఆరాధన, బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, సమాధి కార్యక్రమాలు, మంచం పట్టినవాళ్ల ఇళ్లకు వెళ్లి ప్రార్థన. ఇక్కడేమో రిటైరైన ప్రొఫెసరుగారికి సభలో నడిమి కుర్చీ దక్కకపోతే ఇంటికెళ్లాక కూడా కోపం తగ్గదు!

తర్వాత కేంబ్రిడ్జి ఆయన్ని వెనక్కి పిలుచుకుంది. 1989 నుంచి 1996 దాకా క్వీన్స్ కాలేజీ అధ్యక్షులు. 1997లో నైట్‌హుడ్ ఇచ్చారు కానీ, ఆంగ్లికన్ గురువులకు పేరు ముందు 'సర్' పెట్టుకునే ఆనవాయితీ లేదు.

సైన్సుకీ మతానికీ పొత్తు ఎలా కుదురుతుందని అడిగితే ఆయన కెటిల్ సంగతి చెప్పేవారు. కెటిల్లో నీళ్లు ఎందుకు మరుగుతున్నాయి? కింద గ్యాసు మండుతోంది కాబట్టి. నాకు టీ తాగాలనుంది కాబట్టి. రెండూ నిజమే, ఒకదానికొకటి అడ్డురాదు. వినడానికి బాగుంది. అయితే టీ తాగాలనుకున్న మనిషి మన కళ్లెదుటే ఉన్నాడు. విశ్వం విషయంలో ఆ మనిషి ఉన్నాడా లేడా అన్నదే కదా అసలు పేచీ.

క్వాంటం సిద్ధాంతాన్ని అడ్డం పెట్టుకుని ఏదైనా నమ్మించవచ్చనుకునేవాళ్లను మాత్రం ఆయన గట్టిగానే హెచ్చరించారు. ఎలక్ట్రాన్ ప్రవర్తన వింతగా ఉన్నంత మాత్రాన మనకు తోచిన వింతలన్నీ నిజమైపోవు. ప్రతి మతగ్రంథంలోనూ క్వాంటం ఫిజిక్సును వెతికి పట్టుకుని తెల్లారేసరికి వాట్సాప్‌లో పంపేవాళ్లకు ఆ హెచ్చరికను నేనూ పంపాలి.

అయితే ఒకచోట ఆయనా తడబడ్డారని నా అభిప్రాయం. వాతావరణం లాంటి గందరగోళ (కేయాటిక్) వ్యవస్థలను కచ్చితంగా ముందే చెప్పలేం కనుక, ఆ సందులో దేవుడు ప్రకృతి నియమాలను మీరకుండానే పనిచేయవచ్చని ఆయన వాదించారు. ఈ గందరగోళ వ్యవస్థల సమీకరణాల్లో అసలు సందే లేదు, అంకెలన్నీ కచ్చితంగా తెలిస్తే ఫలితమూ కచ్చితమేనని విమర్శకులు పట్టుకున్నారు. ఆ సమీకరణాలు పైపై అంచనాలే, లోపలి వాస్తవం ఇంకా మెత్తగా ఉంటుందన్నది ఆయన జవాబు. అలా ఉంటుందనడానికి ఆధారం ఫిజిక్సులో దొరకలేదు. 2021లో, 90 ఏళ్ల వయసులో పోయేదాకా ఆయన ఆ మాట మీదే ఉన్నారు. విమర్శకులూ తమ మాట మీదే ఉన్నారు.