కొండెక్కినా ఎండ ఎండే!

వేసవి సెలవులు వస్తే మదనపల్లె, పుంగనూరు, కుప్పం కుటుంబాలకు ముందుగా గుర్తొచ్చేది హార్సిలీ హిల్స్. పిల్లలను ఫోన్ల నుంచి లేపి కొండదారిలో నడిపించాలనుకోవడం మంచి ఆలోచనే. చిక్కంతా మనం ఎంచుకునే వేళతోనే. ఇంట్లో తీరిగ్గా టిఫిన్ ముగించి, పది గంటలకు కొండ చేరి, ‘పైన చల్లగానే ఉంటుందిలే’ అని నడక మొదలుపెడతాం. వేసవిలో కొండ నడకకు అంతకన్నా చెడ్డ వేళ మరొకటి లేదు.

ఈ ధీమాకు కారణం లేకపోలేదు. ఏనుగు మల్లమ్మ కొండగా మన పెద్దలు పిలిచిన ఈ చోటును బ్రిటిష్ కాలంలో కడప కలెక్టర్ హార్సిలీ వేసవి విడిదిగా చేసుకున్నారు. మదనపల్లె పక్కన ఆరోగ్యవరంలో 1915లో క్షయ రోగుల శానిటోరియం వెలసిందీ ఇక్కడి గాలికున్న మంచిపేరు వల్లే. అయితే గాలి మంచిదైనంత మాత్రాన ఎండ తీవ్రత తగ్గిపోదు.

చిన్న లెక్క చూద్దాం. ఎత్తు ప్రతి వెయ్యి మీటర్లు పెరిగితే ఉష్ణోగ్రత సుమారు 6.5 డిగ్రీలు తగ్గుతుంది. మదనపల్లె సముద్ర మట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తున ఉంది. హార్సిలీ హిల్స్ ఎత్తు 1,265 మీటర్లు. అంటే తేడా మూడున్నర డిగ్రీలు. ఊళ్లో 39 ఉన్న రోజు కొండ మీద 35 దాటుతుంది. అదీ నీడలో. చెట్టు లేని గట్టు మీద నడిచేవారికి నెత్తిన సూర్యుడు, కాళ్ల కింద కాలిన బండ. పైగా ఎత్తుకు వెళ్లేకొద్దీ అతినీలలోహిత కిరణాల తీవ్రత పెరుగుతుంది.

గాలి చేసే మోసం ఇంకొకటుంది. గాలిబండ దగ్గర పట్టిన చెమట పట్టినట్టే ఆరిపోతుంది. చెమటే పట్టలేదనుకుంటాం, నీళ్లు తాగడం మరిచిపోతాం. కొండ ఎక్కేటప్పుడు గంటకు అరలీటరు నుంచి లీటరు దాకా చెమట రూపంలో పోవచ్చు. పెద్ద వయసులో దాహం సరిగా తెలియదు. పిల్లలు ఆటలో పడి అడగరు. బెంగళూరు ఏసీ ఆఫీసుల నుంచి సెలవుకొచ్చిన యువతీ యువకులు తమకేమీ కాదనుకుంటారు కానీ, ఎండకు ఒళ్లు అలవాటు పడాలంటే వాళ్లకూ వారం, పది రోజులు పడుతుంది.

అందుకే ఈ వేసవికి ఒక్క నియమం పెట్టుకుందాం. మన గురి శిఖరం మీద కాదు, గడియారం మీద ఉండాలి. బాగా వెలుతురు వచ్చాక ఆరు గంటల ప్రాంతంలో బయల్దేరాలి, ఎక్కడిదాకా వెళ్లినా తొమ్మిదికల్లా కిందికి చేరాలి. టిఫిన్ ఆ తర్వాతే. చీకట్లో మాత్రం మొదలుపెట్టొద్దు. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో చిరుత దాడికి ఆరేళ్ల చిన్నారి బలైన సంగతి మనమింకా మరిచిపోలేదు. అటవీ శాఖ అనుమతించిన దారిలోనే, అందరూ కలిసి, పిల్లలను మధ్యలో ఉంచుకుని నడవాలి. ఏనుగులు తిరిగే కుప్పం, పలమనేరు అడవుల్లో సొంతంగా దారులు వెతుక్కునే సాహసం వద్దే వద్దు. కుప్పం నుంచి హార్సిలీ హిల్స్‌కు వంద కిలోమీటర్లు దాటుతుంది కాబట్టి అక్కడివారు ముందురోజు సాయంత్రమే వచ్చి బస చేయడం మేలు.

వేసవిలో దారి కూడా మారుతుంది. ఎండిన గడ్డి, బండ మీద పేరుకున్న ఇసుక, గరుసు జారిపోతాయి. ఎక్కేటప్పటి కన్నా దిగేటప్పుడే ఎక్కువ ప్రమాదం, మోకాళ్లపై భారమూ ఎక్కువే. చెప్పులు కాదు, పట్టున్న బూట్లు వేసుకోవాలి. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం దాటాక ఉన్నట్టుండి ఉరుములు మొదలవుతాయి. ఉరుము వినబడితే సెల్ఫీలు ఆపి గట్టు దిగాలి. ఒంటరి చెట్టు కిందికి కాకుండా కారులోకో, భవనంలోకో వెళ్లాలి.

మనిషికి కనీసం రెండు లీటర్ల నీళ్లు, ఉప్పు వేసిన మజ్జిగ, ఒక ఓఆర్ఎస్ ప్యాకెట్ వెంట ఉండాలి. లీటరు ప్యాకెట్‌ను లీటరు నీళ్లలోనే కలపాలి. అంబలి తాగి బయల్దేరితే ఇంకా మంచిది. షుగరుకు మాత్రలు, ఇన్సులిన్ వాడేవారు ఖాళీ కడుపుతో నడవకూడదు. బీపీకి మూత్రం ఎక్కువ పోయే మాత్రలు వేసుకునేవారు, గుండె, కిడ్నీ జబ్బులున్నవారు ముందుగా డాక్టరును అడగాలి.

తలనొప్పి, వికారం, కాళ్ల తిమ్మిర్లు మొదలైతే నడక అక్కడితో ఆపేయాలి. మాట తడబడినా, తికమకగా ప్రవర్తించినా అది వడదెబ్బ కావచ్చు. వెంటనే 108కు ఫోన్ చేయాలి. నీడకు చేర్చి, ఒంటి మీద నీళ్లు పోస్తూ విసరాలి. మెడ, చంకలు, గజ్జల్లో తడిగుడ్డలు పెట్టాలి. స్పృహ లేనివారి నోట్లో నీళ్లు పోయకూడదు. జ్వరం మాత్ర దీనికి పనిచేయదు.

పర్యాటక, అటవీ శాఖల బాధ్యతా ఉంది. దారి మొదట్లో ఆ రోజు ఉష్ణోగ్రత, నడకకు తగిన వేళలు రాసిన బోర్డు, తాగునీరు ఉండాలి. వేసవిలో పది తర్వాత గట్టు మీదికి పంపకపోవడమే మంచిది. టికెట్ల రాబడి కొంచెం తగ్గితే తగ్గనీ.

ఇక మన చేతిలో ఉన్నది మన నడకే. అందరిలోకీ నెమ్మదిగా నడిచే అవ్వదో, తాతదో, చంటిపిల్లదో అడుగే అందరి వేగం కావాలి. ‘ఇంకొంచెమే, వచ్చేశాం’ అని వాళ్లను బలవంతంగా లాక్కెళ్లొద్దు. సగం దారిలో వెనుదిరిగితే ఓడిపోయినట్టు కాదు. కొండ ఎక్కడికీ పోదు. డిసెంబరులోనూ అక్కడే ఉంటుంది.