అంకె ఆగిపోతే అన్నం మానేయాలా?

"మొదట్లో గబగబా తగ్గావు కదా, ఇప్పుడేమైంది? నోరు కట్టుకోవడం మానేశావా?"

నలభై ఐదు దాటిన ఆడవాళ్ళ బరువు ఒకచోట ఆగిపోతే చాలు, ఇంట్లోవాళ్ళ నుంచి పెళ్ళిళ్ళలో కనిపించే పిన్నమ్మల దాకా అందరిదీ ఇదే ప్రశ్న. వెంటనే సలహా: రాత్రి అన్నం మానెయ్. అది మానేసి ఉంటే పొద్దుటి టిఫిన్ మానెయ్. శనివారం ఒక్కపొద్దు ఎలాగూ ఉంది, గురువారం కూడా పట్టు.

ఈ సలహా పనికిరానిదే కాదు, ప్రమాదం కూడా.

డెబ్బై ఐదు కిలోల ఒంటికి పట్టే శక్తి అరవై ఎనిమిది కిలోల ఒంటికి అక్కర్లేదు. పైగా తిండి తగ్గేసరికి ఒళ్ళు తన ఖర్చూ తగ్గించుకుంటుంది, జీతం తగ్గిన నెల మనం ఇల్లు నడిపినట్టే. కాబట్టి ఏ డైటింగ్ అయినా ఎక్కడో ఒకచోట ఆగుతుంది. అది మన దొంగతిండికి సాక్ష్యం కాదు. అప్పుడు ఇంకా కడుపు మాడ్చుకుంటే కొవ్వుతోపాటు కండా కరుగుతుంది. నెలసరి ఆగే వయసులో ఈస్ట్రోజన్ తగ్గి ఎముకలు ఎలాగూ పలచబడతాయి. కండ కూడా పోగొట్టుకుంటే, రేపు బాత్రూంలో జారిపడినప్పుడు తుంటి విరిగేది మనకే, సలహా ఇచ్చినవాళ్ళకి కాదు.

"వయసైపోయింది, ఇక ఇంతే" అన్న మాటా నేనొప్పుకోను. 29 దేశాల్లో 6,400 మందికి పైగా మనుషుల్ని పరిశీలించి 2021లో సైన్స్ పత్రికలో ఒక అధ్యయనం వేశారు. ఒంటి పరిమాణాన్ని, కండను లెక్కలోకి తీసుకుంటే 20 నుంచి 60 ఏళ్ళ వరకు శక్తి ఖర్చు దాదాపు నిలకడగానే ఉందట. అంటే కాపాడుకోవలసింది కండని.

కండకి ప్రోటీన్ కావాలి. ఐసీఎంఆర్ లెక్కన కిలో బరువుకి రోజుకి 0.83 గ్రాములు, అంటే అరవై కిలోలుంటే సుమారు యాభై గ్రాములు. ఇప్పుడు మన కంచం చూడండి. గుడ్డు పిల్లలకి, చేప ముక్క ఆయనకి, ముద్దపప్పు మామగారికి. మనకి మిగిలేది అన్నం, పులుసు అడుగు, ఇంత పచ్చడి. ఒక గుడ్డులో ఉండేదే ఆరు గ్రాములు, అదీ మన వాటాకి రాదు! మనం తగ్గించాల్సింది రెండోసారి పెట్టుకునే అన్నం, సాయంత్రం జంతికలు, టీలో చక్కెర. పప్పు, పెరుగు, గుడ్డు, శనగలు కాదు.

"ఇంటిపని చాలదా?" అంటారు. చాలదు. అలసట వేరు, బలం పెంచే వ్యాయామం వేరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వారానికి కనీసం 150 నిమిషాలు చురుగ్గా కదలమనడమే కాదు, రెండు రోజులు కండరాలకి పని పెట్టమని కూడా చెప్తోంది. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం, లీటరు నీళ్ళ సీసాలు ఎత్తడం, గోడని తోయడం, వీటితో మొదలుపెట్టవచ్చు. మోకాళ్ళ నొప్పులుంటే డాక్టర్ని అడిగి చేయండి. నీరసం కూడా ఉంటే థైరాయిడ్ పరీక్ష చేయించుకోండి. నెలకోసారి టేపుతో నడుం కొలవండి. మిషన్ మీద అంకె కదలని నెలలో కూడా నడుం తగ్గవచ్చు.

ఇక ఇంట్లోవాళ్ళకి ఒక మాట. "తిండి తగ్గించు" అనడానికి ఖర్చేమీ లేదు. సాయం చేయాలనుంటే సాయంత్రం అరగంట వంటింటి బాధ్యత తీసుకోండి.

మనకీ ఒక మాట. రేపు పప్పు దించగానే మీ గిన్నె ముందు తీసి పక్కన పెట్టుకోండి.