కినబాలు కొండపై అపచారం, కోర్టులో అశ్లీలం

విదేశీ పర్యాటకులు స్థానిక ఆచారాలను ఉల్లంఘించిన కేసుల్లో శిక్ష ఎక్కువైందా, తక్కువైందా అన్న వాదనే సాధారణంగా సాగుతుంది గాని, అసలు ఆ శిక్ష ఏ తప్పుకు పడిందన్న ప్రశ్న మరుగున పడిపోతుంది. నొచ్చుకున్న సమాజం ఒక తప్పును చూస్తుంటే న్యాయస్థానం మరో తప్పును విచారించిన సందర్భాలు ఆసియాలో పలుచోట్ల ఎదురవుతాయి. మలేసియాలోని సబా రాష్ట్రంలో 2015లో నడిచిన వ్యవహారం వాటిలో ప్రత్యేకంగా పరిశీలించదగినది.

బోర్నియో దీవి ఉత్తర భాగంలో 4,095 మీటర్ల ఎత్తున నిలిచిన కినబాలు పర్వతం, తమ గతించిన పెద్దల ఆత్మలు విశ్రమించే చోటని అక్కడి కదజాన్-దుసున్ ఆదివాసుల విశ్వాసం. కొండ ఎక్కేవారి క్షేమం కోరి ఆ ఆత్మలను ప్రసన్నం చేసుకోవడానికి 'మొనొలోబ్' అనే క్రతువును ఏటా జరిపి, ఏడు తెల్లకోళ్లను బలి ఇచ్చి, గుడ్లు, బియ్యం, తమలపాకులు, వక్కలు, సున్నం సమర్పిస్తారు. శుభకార్యానికి ముందు పెద్దలకు తాంబూలం పెట్టే తెలుగువారికి ఈ మర్యాద మరీ కొత్తగా తోచదు. అటువంటి కొండ మీద 2015 మే 30న పదిమంది దాకా విదేశీయులు బట్టలు విప్పి ఫొటోలు దిగారు. జూన్ 5న అదే ప్రాంతంలో 6.0 తీవ్రతతో భూకంపం సంభవించి, సింగపూర్ నుంచి వచ్చిన బడిపిల్లలు, స్థానిక గైడ్లు సహా 18 మంది కొండపైనే ప్రాణాలు కోల్పోయారు. అప్పటి రాష్ట్ర ఉప ముఖ్యమంత్రి, కదజాన్-దుసున్‌లకు సంప్రదాయ నాయకుడు కూడా అయిన జోసెఫ్ పైరిన్ కిటింగన్ ఈ రెండు ఘటనలనూ బహిరంగంగా ముడిపెట్టడంతో జనాగ్రహానికి అధికార ముద్ర పడినట్టయింది.

ఆ గుంపులో పట్టుబడిన బ్రిటన్, కెనడా, నెదర్లాండ్స్ దేశస్థులు నలుగురు కోట కినబాలు కోర్టులో నేరం ఒప్పుకున్నారు. అప్పటికే నిర్బంధంలో గడిచిన 3 రోజులనే జైలుశిక్షగా లెక్కించి, ఒక్కొక్కరికి 5,000 రింగిట్ల జరిమానా వేసిన తరువాత వారిని దేశం నుంచి పంపించివేశారు. వారిపై మోపిన అభియోగంలో ఆత్మల ప్రసక్తి గాని, భూకంపం ప్రసక్తి గాని లేదు. ఉన్నదల్లా మలేసియా శిక్షాస్మృతి 294వ సెక్షన్, అంటే ఇతరులకు చికాకు కలిగేలా బహిరంగంగా అశ్లీలంగా ప్రవర్తించడం. ఆ సంఖ్య మన న్యాయవాదులకూ కంఠతా వచ్చినదే. మెకాలే ముసాయిదాతో మొదలై 1860లో చట్టమైన భారత శిక్షాస్మృతిని ఆంగ్ల పాలకులు మలయా, బర్మా, సిలోన్‌లకూ స్వల్ప మార్పులతో అందించారు గనుక, మలేసియా, మయన్మార్‌లలో ఇప్పటికీ చాలా సెక్షన్లు అవే సంఖ్యలతో నిలిచి ఉన్నాయి. మన దగ్గర మాత్రం 2024 జులై నుంచి ఆ నేరం భారతీయ న్యాయ సంహితలో 296వ సెక్షన్‌కు మారింది.

కదజాన్-దుసున్ ఆచారం ఆ తప్పును మరో విధంగా తూచింది. వారి సంప్రదాయ న్యాయంలో 'సొగిత్' అనే పరిహారం ఉంది: కట్టుబాటు తప్పినవాడు పశువులనో, వాటి విలువనో చెల్లించి, రగిలిన వాతావరణాన్ని చల్లార్చి, చెదిరిన సామరస్యాన్ని నిలబెట్టాలి. చెల్లింపు చేరేది ఖజానాకు కాదు, దెబ్బతిన్న సమాజానికి. సబాలో ఈ ఆచారాలను విచారించే ఆదివాసీ న్యాయస్థానాలకు 1992 నాటి చట్టబద్ధత ఉన్నా, వాటి పరిధి ప్రధానంగా ఆదివాసుల మధ్య తగాదాలకే పరిమితం కావడంతో, ఎవరి మనసు నొచ్చిందో వారి న్యాయపీఠం ముందుకు పర్యాటకులను నేరుగా రప్పించే మార్గం సులువుగా లేదు.

అయితే వలసకాలపు సెక్షన్ ఇరుకుగా ఉండటమే ఇక్కడ నిందితులను కాపాడిందని కూడా ఒప్పుకోవాలి. 18 మరణాల భారాన్ని నలుగురి నెత్తిన పెట్టాలన్న ఆవేశం చెలరేగిన వేళ, వారు చేసిన పనినే తప్ప దాని పర్యవసానమని నమ్మినదాన్ని లెక్కలోకి రానివ్వకపోవడం న్యాయానికి కనీస షరతు. ఆ షరతు ప్రతిచోటా నిలవలేదు. మయన్మార్‌లోని మాండలేలో 2016లో ఒక డచ్ పర్యాటకుడు, రాత్రిపూట వినిపిస్తున్న బౌద్ధ ప్రవచనం వల్ల నిద్ర పట్టక యాంప్లిఫయర్ తీగ పీకేసినందుకు, మతసభకు భంగం కలిగించాడంటూ అతనికి 3 నెలల కఠిన కారాగారం విధించారు. తప్పు చేసినవాడు క్షమాపణ చెప్పుకొన్న తరువాత కూడా అంత శిక్ష వేయడంలో ఔచిత్యం కనిపించదు. శ్రీలంకలో 2014లో భుజంపై బుద్ధుడి పచ్చబొట్టు ఉన్న బ్రిటిష్ మహిళను విమానాశ్రయంలో అరెస్టు చేసి, నిర్బంధించి, వెనక్కి పంపితే, ఆ అరెస్టుకు చట్టపరమైన ఆధారమే లేదని తేల్చిన అక్కడి సుప్రీంకోర్టు 2017లో ఆమెకు 8 లక్షల శ్రీలంక రూపాయలు ఇప్పించింది. ఆమె బౌద్ధాన్ని ఆచరించే వ్యక్తి కావడం ఈ కేసులోని విడ్డూరం.

ఈ విషయంలో బాలి అనుభవం కొంత మెరుగు. అక్కడ పవిత్రంగా కొలిచే ఒక పురాతన వృక్షం వద్ద 2022లో నగ్నంగా ఫొటో దిగిన రష్యన్ మహిళను దేశం నుంచి పంపించేముందు, గ్రామస్థులు జరిపిన శుద్ధి క్రతువులో పాల్గొనేలా చేశారు. బహిష్కరణ రాజ్యం అధికారాన్ని చాటితే, క్రతువు ఊరి బాధను తీర్చింది. ఒక దానికి ఇంకొకటి బదులు కాదు. పర్యాటకులుగా వెళ్లే భారతీయులకూ ఈ పరీక్ష తప్పదు. 2019లో భూటాన్‌లోని దోచులా వద్ద స్మారక చోర్తెన్, అంటే స్తూపం, పైకి ఎక్కి ఫొటో దిగిన భారతీయ బైకర్‌ను అక్కడి పోలీసులు విచారించి, క్షమాపణ తీసుకుని వదిలిపెట్టారు.

శిక్షను తూచేటప్పుడు ముందస్తు హెచ్చరికకు చాలా బరువు ఉండాలి. తిరుమలలో పొగాకు, మద్యం, మాంసం నిషిద్ధమన్న సంగతి అలిపిరి తనిఖీ కేంద్రం దగ్గరే తెలిసిపోతుంది గనుక, కొండపైకి చేరాక తెలియదనడం చెల్లదు. కినబాలు ఎక్కేవారి వెంట గైడ్ ఉండటం తప్పనిసరి. పర్యాటకులు ఆ గైడ్ మాటను లక్ష్యపెట్టలేదనే నాటి కథనాలు. ఆ కథనాలే నిజమైతే, తెలియక చేసిన పొరపాటుకు దక్కే మినహాయింపు వారికి దక్కదు. అప్పుడైనా ఇంకొన్ని రోజుల జైలు కన్నా, గైడ్ల గ్రామాలకు చేరే సొగిత్, దానిని విదేశీయుల మీద కూడా విధించే అధికారం ఆదివాసీ న్యాయస్థానాలకు ఇచ్చే చట్టసవరణ ఎక్కువ సమంజసం.